ఉప్పు పట్టిన ప్రతిచోటా

రిటైరవడానికి నాలుగేళ్ళ ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు, విజయవాడ బందరు రోడ్డు మీది ఒక హోటల్లో ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్‌గా చేరాను. అంతకుముందు పద్దెనిమిదేళ్ళు హైదరాబాదులో ఇదే వృత్తిలో ఉన్నాను గానీ అసిస్టెంట్ హోదా దాటలేదు. ఒక డిపార్ట్‌మెంటు మొత్తం నా చేతికి రావడం అదే మొదలు. ఆరు నెలల ప్రొబేషన్. ఆ ఆరు నెలలూ జనరల్ మేనేజరుకి నా పని నచ్చితేనే ఉద్యోగం ఖాయమని నియామక పత్రంలో రాసి మరీ ఇచ్చారు.

హౌస్‌కీపర్ అంటే చీపురు పట్టుకుని తిరిగే మనిషి అనుకునేవాళ్ళు ఇప్పటికీ తగులుతుంటారు. అందుకని ముందు ఈ సంగతి చెప్పుకోవాలి. గదులు సర్దేవాళ్ళు రూమ్ అటెండెంట్లు. లాబీ, మెట్లు, లిఫ్టులు, వరండాలు చూసేవాళ్ళు పబ్లిక్ ఏరియా అటెండెంట్లు. వీళ్ళ మీద అంతస్తుకొక సూపర్‌వైజరు, అందరి మీదా హౌస్‌కీపరు. ఏ వస్తువుకి ఏ మందు వాడాలి, ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి అన్నది రాసి ఇవ్వాల్సింది హౌస్‌కీపరే. ఆ కాగితాన్ని పని కార్డు అంటాం. దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టించి, ప్రతి అంతస్తులోనూ సామాన్ల గదిలో మేకుకి తగిలిస్తాం. కార్డు మీద ఎవరి సంతకం ఉంటే బాధ్యత వాళ్ళది.

నా సంగతీ కాస్త చెప్పాలి. కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోవడం నాకు చేతకాదు. చుట్టపుచూపుగా వెళ్ళిన ఇంట్లో కూడా కిటికీ అంచు మీద వేలు పెట్టి దుమ్ము చూసే పాడు అలవాటు ఉంది. మా ఆయన నన్ను పెళ్ళిళ్ళకి తీసుకెళ్ళడం తగ్గించేశాడు, భోజనాల బల్ల గుడ్డ ఎత్తి కింద వంగి చూస్తున్నానని. నోరు కూడా మంచిది కాదు. ముందు అనేసి తర్వాత ఆలోచించే రకం.

ఆ హోటల్లో స్నానాలకీ ఉతుకులకీ బోరు నీళ్ళు వాడేవారు. పక్కనే కృష్ణ పారుతున్నా బోరు వేస్తే పడేవి మాత్రం కాస్త ఉప్పగా ఉండే నీళ్ళే. షవర్లలో సగం చిల్లులు మూసుకుపోయి, నీళ్ళు మనిషి మీద పడకుండా గోడ మీద పడుతుండేవి. కుళాయిల మొదట్లో తెల్లటి పెచ్చులు. స్నానాల గది గాజు తలుపుల మీద ఎంత తుడిచినా పోని మసక. గదుల్లో పెట్టే కరెంటు కెటిల్ మూత తీస్తే అడుగంతా తెల్లగా గార కట్టి ఉండేది. మా వాళ్ళందరూ దీన్ని ఉప్పు అంటారు. ఉప్పు పట్టింది, ఉప్పు తేలింది, అంతే. పటమటలో మా ఇంట్లోనూ అదే మాట. నిజానికి అది వంటింటి ఉప్పు కాదు, నీళ్ళు ఆవిరయ్యాక మిగిలే సున్నం జాతి పదార్థం. డిప్లొమాలో చదివాను, పరీక్షలో రాశాను. అయినా పనివాళ్ళతో ఉప్పనే అనేదాన్ని, అందరికీ తెలిసిన మాట కదా అని.

నాకు ముందు పనిచేసినాయన ఈ ఉప్పు వదిలించడానికి టాయిలెట్లు కడిగే యాసిడ్ వాడించేవాడు. ఉప్పుతో పాటు కుళాయిల మెరుపు పూత కూడా ఊడొచ్చేది. అటెండెంట్ల వేళ్ళ చివర్లు తెల్లగా పొక్కిపోయి ఉండేవి. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. చేరిన మూడో రోజున యాసిడ్ డబ్బాలన్నీ స్టోరుకి తిప్పి పంపేసి, వన్ టౌన్ హోల్‌సేల్ కొట్టు నుంచి తెల్ల వెనిగర్ క్యాన్లు తెప్పించాను. జీఎం సుబ్బారావుగారు లిఫ్టు దగ్గర ఆ క్యాన్లు చూసి, ఏం దుర్గగారూ, నూడుల్స్ బండి పెడుతున్నారా అని నన్ను అడిగారు. తెనాలి మనిషి, నవ్వకుండా వేళాకోళమాడతారు. రెండు వారాలాగి షవర్లు చూడమని చెప్పాను.

వెనిగర్ మహత్యం ఏమీ లేదు. అది పలచని పులుపు. పులుపు తగిలితే సున్నం కరుగుతుంది, అదే దాని పని. కెటిల్లో సగం వెనిగర్, సగం నీళ్ళు పోసి ఒకసారి మరిగించి అరగంట వదిలేస్తే అడుగున గార మెత్తబడి వచ్చేస్తుంది. తర్వాత రెండుసార్లు మంచినీళ్ళు మరిగించి పారబోస్తే వాసన ఉండదు. షవరు విప్పక్కర్లేదు. ప్లాస్టిక్ సంచిలో వెనిగర్ పోసి, షవరు మునిగేలా రబ్బరు బ్యాండుతో కట్టి గంటసేపు ఉంచితే చిల్లులు తెరుచుకుంటాయి. కుళాయిలకి మాత్రం పది నిమిషాలు చాలు, నానబెట్టి మరిచిపోతే వాటి పూత కూడా పాడవుతుంది. అద్దాలకి వెనిగర్ నీళ్ళు చల్లి పాత న్యూస్‌పేపరు ఉండతో తుడిస్తే నూలు పోగులు అంటవు. తువ్వాళ్ళు గరుకుగా తయారైతే ఆఖరి జాడింపులో చిన్న కప్పు పోస్తే చాలు. చేపలు కోసిన చెక్క మీద నీచు వాసనకి కూడా పనికొస్తుంది.

పనికిరాని చోట్లూ ఉన్నాయి. బ్లీచింగుతో కలిపితే ఊపిరాడనివ్వని విషవాయువు పుడుతుంది, కాబట్టి ఆ రెండు సీసాలూ ఒక బకెట్లో కూడా పెట్టనిచ్చేదాన్ని కాదు. క్రిములు చస్తాయని టాయిలెట్లో దాన్నే నమ్ముకోకూడదు. పాలరాయి, కడప రాయి, తాండూరు బండల మీద ఒక్క చుక్క పడకూడదు, ఎందుకంటే ఆ రాళ్ళూ సున్నం జాతివే. గార కరిగినట్టే రాయీ కరుగుతుంది. పైన నునుపు పోయి, ఎండాక మచ్చ తెల్లగా తేలుతుంది. తుడిస్తే పోయే మరక కాదది. అక్కడ రాయే అరిగిపోయి ఉంటుంది.

ఇదంతా తెలిసిన నేను రాసిన కార్డు ఇది: "ఉప్పు పట్టిన ప్రతిచోటా వెనిగర్ వాడాలి. సగం వెనిగర్, సగం నీళ్ళు. పది నిమిషాలు నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవాలి. పోకపోతే మళ్ళీ చేయాలి." కింద నా సంతకం. రాయి మాట అందులో లేదు. రూమ్ అటెండెంట్లకి అంతస్తు అంతస్తుకీ వెళ్ళి నేనే చేసి చూపించాను. చేయకూడనివి నోటితో చెప్పాను. గదుల్లో ఎటూ టైల్సే, రాయి లేదు. పబ్లిక్ ఏరియా వాళ్ళకి విడిగా చూపించలేదు. వాళ్ళకి కార్డు ఉందిగా అనుకున్నాను. లాబీ నేలంతా తెల్ల పాలరాయేనన్న సంగతి రోజుకి ఇరవైసార్లు దాని మీద నడిచే నాకు ఆ కార్డు రాసేటప్పుడు తట్టలేదు.

లాబీ చూసే మనిషి ఎస్తేరమ్మ. నలభై ఐదు దాటిన మనిషి, భవానీపురం నుంచి మొదటి బస్సుకి వచ్చి ఆరింటికల్లా పనిలో ఉండేది. తొమ్మిదేళ్ళుగా ఆ హోటల్లోనే చేస్తోంది గానీ హోటలు మనిషి కాదు, మనుషుల్ని సరఫరా చేసే ఏజెన్సీ పంపిన మనిషి. ఏజెన్సీ వాళ్ళని ఏ రోజైనా రేపట్నుంచి రావద్దనొచ్చు. ఏడాదికోసారి, జూన్ చివరి వారంలో, అలాంటివాళ్ళలో కొందరిని కంపెనీ ఉద్యోగులుగా తీసుకోవడానికి జాబితా ఒకటి హెడ్డాఫీసుకి వెళ్ళేది. ఆ ఏడు జాబితాలో ఎస్తేరమ్మ పేరు ఉంది. నేను చేరేటప్పటికే ఉంది, నేనూ సంతకం పెట్టాను. ఆమె చర్చిలో అందరికీ చెప్పుకుందట. వరసగా ముగ్గురు పాస్టర్లు మారారు గానీ నా ఉద్యోగం అలాగే ఉందండీ, ఈసారి దేవుడు చూశాడు అని నాతో ఒకసారి నవ్వుతూ అంది.

ఆ చివరి వారంలోనే, ఆదివారం నాడు, హోటలు యజమానిగారి ఇంట్లో నిశ్చితార్థం. వేడుక మా లాబీలో, పక్క హాల్లో. పది రోజుల ముందే లాబీలో మూలమూలా శుభ్రం చేయమని, కుండీల కింద కూడా వదలొద్దని ఎస్తేరమ్మతో చెప్పాను. స్తంభాల పక్కన ఆరు పెద్ద పూలకుండీలు ఉండేవి. రోజూ నీళ్ళు పోయడం వల్ల వాటి కింద తెల్లటి వలయాలు కట్టాయి. అది నిజంగా ఉప్పే, అంటే మేమనే ఉప్పే. శుక్రవారం నుంచి ఆమె రోజూ కుండీలు జరిపి, వెనిగర్ పోసి తుడిచి, కుండీలు మళ్ళీ యథాస్థానంలో పెడుతోంది. పైకి చూస్తే ఏమీ కనపడదు.

బుధవారం ఉదయం తొమ్మిదింటికి అలంకరణ వాళ్ళు వచ్చి కొలతల కోసం ఆరు కుండీలూ బయటికి తీశారు. తూర్పు వైపు గాజు తలుపుల్లోంచి ఎండ పడుతోంది. జీఎంగారు నాకు ఫోన్ చేసి ఒకే మాట అన్నారు, కిందికి రండి అని. వెళ్ళి చూస్తే స్తంభాల పక్కన ఒక్కోటి చాపంత మేర ఆరు మచ్చలు, నేల మీద మజ్జిగ ఒలికి ఎండిపోయినట్టు. వంగి చెయ్యి పెట్టాను. గరుగ్గా తగిలింది.

ఎస్తేరమ్మ బకెట్టు పట్టుకుని పక్కనే నిలబడింది. ఆమెకి ఇంకా ఏం జరిగిందో అర్థం కాలేదు.

"తడిగా ఉన్నంతసేపు బాగానే ఉంటందండీ. ఆరాక మళ్ళీ ఉప్పు తేలుద్ది. నిన్న నీళ్ళు కలపకుండా పోశా, అయినా పోలేదు. ఇంకోసారి రుద్దమంటారా మేడంగారూ?" అంది.

అలంకరణ వాళ్ళు, బెల్‌బాయిలు, రిసెప్షన్ వాళ్ళు అందరూ చూస్తున్నారు. రాయి మీద ఎవరైనా పోస్తారా, తొమ్మిదేళ్ళు ఏం నేర్చుకున్నావు, బుద్ధుందా అని గట్టిగా అరిచాను. ఆమె బకెట్టు నేల మీద పెట్టి చేతులు చీరకి తుడుచుకుంది. ఎవరు చేశారు, ఎందుకు జరిగింది అన్నది సాయంత్రంలోగా రాసి ఇమ్మని జీఎంగారు నాకు చెప్పి వెళ్ళిపోయారు.

వన్ టౌన్ నుంచి పాలిష్ మేస్త్రీని పిలిపించమని సూపర్‌వైజరుకి చెప్పి, నేను లాబీ వెనక సామాన్ల గదిలోకి వెళ్ళాను. మేకుకి నా కార్డు వేలాడుతోంది. చదివాను. ప్రతిచోటా అని ఉంది. పోకపోతే మళ్ళీ చేయాలి అని ఉంది. ఎస్తేరమ్మ అక్షరం తప్పకుండా అదే చేసింది.

తప్పుడు కార్డు కనపడగానే దాన్ని తీసేయాలన్నది మా నియమమే. తీసేసినట్టు లాగ్‌బుక్‌లో రాయాలి, ఎందుకు తీశామో రాయాలి, కొత్తది వచ్చేదాకా ఖాళీ మేకు దగ్గర చీటీ అంటించాలి. నేను ఆ కార్డు తీశాను. పై అంతస్తులకి వెళ్ళి మిగతా మూడు కూడా తీశాను. అడిగిన సూపర్‌వైజరుతో, దిద్దాలమ్మా అన్నాను. నాలుగూ తెచ్చి నా బల్ల సొరుగులో పెట్టాను. లాగ్‌బుక్ ముట్టుకోలేదు. నియమం ప్రకారమే చేస్తున్నానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను గానీ, సొరుగుకి తాళం ఎందుకు వేశానో నాకు తెలుసు.

ఆ తర్వాత నేను పడిన అవస్థ అంతా ఇంతా కాదు. ఆఫీసు గదిలో కూర్చోలేకపోయాను. మెట్లెక్కి మూడో అంతస్తుకి వెళ్ళాను, దిగాను, లాండ్రీలోకి వెళ్ళి ఎవరూ అడక్కుండానే దుప్పట్లు లెక్కపెట్టాను, మధ్యలో లెక్క మరిచిపోయాను. కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే లాండ్రీ ఆయన మంచినీళ్ళిచ్చి, బీపీ చూపించుకోండి మేడం అన్నాడు. భోజనం సహించలేదు. జీఎంగారికి ఇవ్వాల్సిన రిపోర్టు మూడుసార్లు మొదలుపెట్టాను. మొదటిదాంట్లో, సిబ్బంది అజాగ్రత్త వల్ల అని రాశాను. రెండోదాంట్లో, సరైన అవగాహన లేకపోవడం వల్ల అని రాశాను. ఎవరికి లేకపోవడం వల్ల అన్నది రాయలేదు. మూడోది సగంలో ఆపేశాను. యాభై నాలుగేళ్ళ వయసులో ప్రొబేషన్‌లో ఉన్న ఆడదానికి ఇంకో హోటల్లో ఎవరిస్తారు ఉద్యోగం అన్నదొక్కటే నా బుర్రలో గింగిర్లు తిరుగుతోంది.

గడియారం వైపు చూడకుండా ఉండటం కూడా నా వల్ల కాలేదు. జాబితా ఆ రోజే, సాయంత్రం నాలుగింటికి వెళ్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఎస్తేరమ్మకీ తెలుసు.

డ్యూటీ దిగాక ఎస్తేరమ్మని హెచ్ఆర్ మేనేజరు శ్యామల పిలిపించింది. ఈ భాగం శ్యామల నాకు తర్వాత చెప్పింది. ఏం చేశావని అడిగితే ఎస్తేరమ్మ చేతులు కట్టుకుని నిలబడి, నా కార్డులో ఉన్న నాలుగు వాక్యాలూ బైబిల్ వచనం అప్పజెప్పినట్టు పొల్లుపోకుండా అప్పజెప్పిందట. అది ఎక్కడ రాసి ఉందని శ్యామల అడిగింది. సామాన్ల గదిలో మేకుకి ఉందని ఎస్తేరమ్మ అంది. ఇద్దరూ కలిసి వెళ్ళి చూశారు. మేకు ఖాళీగా ఉంది. పై అంతస్తుకి వెళ్ళారు, అక్కడా ఖాళీ. తప్పించుకోవడానికి కల్పించి చెబుతోందేమోనని శ్యామలకి అనుమానం వచ్చింది. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు.

మూడూ ఇరవై ఐదుకి నా బల్ల మీద ఫోన్ మోగింది. ఎస్తేరమ్మ ఏదో కార్డు అంటోంది మేడం, అలాంటిదేమైనా మీరు ఇచ్చారా అని శ్యామల అడిగింది. నా మోకాలికి ఆనుకుని సొరుగు ఉంది.

"చూసి చెబుతాను," అన్నాను.

ఫోన్ పెట్టేశాక లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. కిటికీ అద్దం మీద వేలిముద్రలు కనపడితే తుడిచాను. చూసి చెప్పడానికి ఏముంది? ఇంకో పావుగంటలో ఫోన్ చేసి లేదని చెప్పేస్తే సరిపోతుందని ఒకసారి, ఉందని చెప్పేసి బరువు దింపుకుందామని ఒకసారి. సిగ్గులేకుండా రెండూ సమానంగానే అనిపించాయి. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. నాలుగుకి ఐదు నిమిషాలుందనగా తలుపు దగ్గర ఎస్తేరమ్మ కనపడింది. యూనిఫామ్ మార్చుకుని, ఇంటికి వెళ్ళే చీరలో ఉంది. ఉదయం తిట్టినందుకు నిలదీయడానికి వచ్చిందనుకున్నాను. నిలదీస్తే బాగుండుననే అనుకున్నాను, నేనూ అరిచి ఉండేదాన్ని.

ఆమె గడప దాటి రాలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంటూ నిలబడింది.

"మేడంగారూ, ఒక్క మాట. ఈ అద్దాలు మార్చుకుని నాలుగేళ్ళయిందండీ. దగ్గర అక్షరాలు అలుక్కుపోతన్నాయి. మీరు ఇంకోలా రాస్తే నేనే తప్పు చదివానేమో. రాయి మీద వద్దని మీరు రాసే ఉంటారు, నాకే ఆనలేదు. ఆ మాట శ్యామలమ్మగారికి మీరు చెప్తే, కావాలని అబద్ధం చెప్పలేదని అనుకుంటారు. అంతేనండీ," అంది.

నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి నేను పొద్దున్నుంచీ వెతుకుతున్న సాకు ఇదే. ఆమె తన కళ్ళని తప్పుబట్టుకుని ఆ సాకు తెచ్చి నా చేతిలో పెడుతోంది. తాళం తీసి, నాలుగు కార్డులూ బల్ల మీద పెట్టాను. ఒకటి తీసి ఆమెకిచ్చాను. ఆమె జోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ, వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదివింది.

"ఇదేనండీ," అంది. "ఇవి ఇక్కడెందుకున్నాయండీ?" అని అడిగింది.

నేనే తీసి దాచానని చెప్పాను. ఆమె కార్డు బల్ల మీద పెట్టేసింది. నా వైపు చూడలేదు. రాయి మీద ఎందుకు వాడకూడదని మాత్రం అడిగింది. వెనిగర్ అంటే పులుపు, పులుపు తగిలితే రాయి కరుగుతుందని చెప్పాను. అప్పుడు చూసింది నా వైపు.

"పులుపా? పులుపని ఎవరూ చెప్పలేదేందండీ. మా వంటింట్లో చింతపండు పులుసు ఒలికితేనే నాపరాయి మచ్చపడుద్ది. నిమ్మచెక్క పెట్టినా పడుద్ది. ఆ మాత్రం నాకు తెలవదా? వెనిగర్ అంటే ఏదో మందనుకున్నా," అంది.

కార్డులు తీసుకుని, ఆమెని వెంటబెట్టుకుని రెండో అంతస్తులో శ్యామల గదికి వెళ్ళాను. నాలుగూ ఐదు అయింది. కార్డు నాదే, రాత నాదే, తీసి దాచింది కూడా నేనేనని చెప్పాను. శ్యామల కార్డు తీసుకుని చదివింది. తర్వాత మెల్లగా, జాబితా నాలుగింటికి పంపేశాను మేడం, ఎస్తేరమ్మ పేరు కొట్టేసి పంపాను అంది. మీ ఫోన్ కోసం ఆగాను, రాలేదు అని కూడా అంది. నేను వింటుండగానే హెడ్డాఫీసుకి ఫోన్ చేసింది. వెళ్ళిన జాబితాలో పేర్లు తీయడమే గానీ చేర్చడం కుదరదని, వచ్చే ఏడు పంపమని వాళ్ళన్నారు. ఎస్తేరమ్మ, సరేనండీ అని, చేతిసంచి భుజానికి తగిలించుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

జీఎంగారికి నాలుగో రిపోర్టు రాసిచ్చాను. అందులో అన్నీ ఉన్నాయి. ఆయన చదివి, కార్డు తప్పు రాయడం ఎవరికైనా జరుగుద్ది, తీసి దాచడమేంటండీ అన్నారు. ఆ రోజు వేళాకోళం లేదు. నాకు మెమో ఇచ్చారు, ప్రొబేషన్ ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఎస్తేరమ్మని ఏజెన్సీకి తిప్పి పంపొద్దని రాసినదానికి మాత్రం ఒప్పుకున్నారు. హెడ్డాఫీసుకి ఆయన కూడా ఒక ఉత్తరం పంపారు గానీ పని జరగలేదు. వన్ టౌన్ మేస్త్రీ యంత్రంతో రెండు రోజులు నీళ్ళు పోస్తూ సాన పట్టి, శుక్రవారం సాయంత్రానికి రాయిని మునుపటిలా చేశాడు. ఆదివారం వేడుకకి వచ్చినవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు.

కొత్త కార్డు రాయడానికి ఎస్తేరమ్మని కూర్చోబెట్టుకున్నాను. ఆమె ముందు ఒప్పుకోలేదు, మీరు రాయండి నేను చదువుతా అంది. నేను రాసింది చదివి రెండు చోట్ల కొట్టేయించింది. చివరికి తయారైనదాంట్లో మొదటి రెండు వాక్యాలు ఇవి: "వెనిగర్ అంటే పులుపు నీళ్ళు. వంటింట్లో పులుపు పడితే పాడయ్యే వస్తువు దేనికీ ఇది వాడకూడదు." తర్వాత పాలరాయి, కడప రాయి, బండలు, ఇనుము అని వరసగా ఉంటుంది. బ్లీచింగు మాట ఎర్ర సిరాతో ఉంటుంది. నేను రిటైరయ్యేదాకా ఆ కార్డులో ఒక్క అక్షరం మార్చాల్సిన అవసరం రాలేదు. అప్పట్నుంచి ఏ కార్డయినా గోడకెక్కే ముందు, దాన్ని వాడబోయే మనిషి చేత పైకి చదివించి, ఏం చేస్తావో చెప్పమని అడిగేదాన్ని.

ఎస్తేరమ్మ నాతో ఆ తర్వాత కూడా మర్యాదగానే ఉంది. పిలిస్తే పలికేది, పనిలో వంక పెట్టనిచ్చేది కాదు. చర్చి కబుర్లు మాత్రం మళ్ళీ నాకెప్పుడూ చెప్పలేదు.

మా వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. తప్పుడు సూచన ఇచ్చామని తెలిసిన నిమిషంలో, ఇచ్చింది నేనని ముందు చెప్పాలి. కాగితం వెనక్కి తీసుకోవడం ఆ తర్వాత. నేను వరస మార్చాను, శ్యామల ఫోన్ చేసి అడిగాక కూడా నలభై నిమిషాలు తాత్సారం చేశాను. అరిగిన రాయి రెండు రోజుల్లో బాగుపడింది. ఎస్తేరమ్మ పేరు మళ్ళీ ఆ జాబితాలోకి ఎక్కడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాది పొడుగునా ఆమె రోజూ ఆరింటికల్లా వచ్చి ఆ రాయి తుడిచింది, రేపట్నుంచి రావద్దంటారేమోనని.